పాత బొగ్గు, కొత్త సంచి

“దొంగెవరైనా వచ్చేడా?”

“రాలేదండి.”

“పోనీ, తెలీని మనిషెవరైనా ఈ ఛాయలకొచ్చేడా?”

“లేదండి.”

“మరి ఎనిమిది బస్తాల బొగ్గు రెక్కలొచ్చి ఎగిరిపోయిందంటారా కుమారస్వామి గారూ?”

వాచ్‌మన్ కుమారస్వామి ఆ మాటని వెటకారంగా తీసుకోలేదు. తలెత్తి షెడ్డు రేకులన్నీ ఈ చివర్నుంచి ఆ చివరిదాకా పరీక్షగా చూసి, “రేకులు బాగానే ఉన్నాయండి, ఆయ్,” అన్నాడు.

గంగాభవాని ముక్కు మీదికి జారిన కళ్ళజోడు పైకి తోసుకుంది. పన్నెండేళ్ళు కువైట్‌లో ఒక పెద్దింట్లో వంట చేసి తిరిగొచ్చాక, రాజోలు బస్టాండు దగ్గర మందుల షాపు మేడ మీద ‘భవాని డిటెక్టివ్ ఏజెన్సీ’ అని బోర్డు పెట్టింది. వచ్చేవన్నీ పెళ్ళి సంబంధాల ఎంక్వయిరీలే. పెళ్ళికొడుకు మస్కట్‌లో నిజంగా సూపర్‌వైజరా, లేక సూపర్‌వైజరు కారు తుడుస్తాడా? పెళ్ళికూతురి మేనమామకి నిజంగా చేపల చెరువు ఉందా, లేక చెరువు గట్టు మీద కుర్చీ మాత్రమే ఉందా? ఇలాంటివి తేల్చీ తేల్చీ ఆమెకొక సంగతి తెలిసొచ్చింది. అబద్ధాలాడేవాడిని పట్టుకోవడం తేలిక. నిజమే చెబుతూ అసలు సంగతి కడుపులో పెట్టుకున్నవాడితోనే చావు. కుమారస్వామి మొహంలో అబద్ధం కనపడటం లేదు. ఆమెకి ఒళ్ళు మండుతున్నదీ అందుకే.

“మీ స్టెల్లా మేడంగారు ఆదివారం పొద్దున్న చర్చికి వెళ్ళేరు. మధ్యాహ్నం మూడింటికి తిరిగొచ్చేరు. అంతసేపూ మీరిక్కడే ఉన్నారు కదా?”

“గుమ్మం కదిలితే ఒట్టండి.”

“కునుకు తీసేరేమో?”

“కన్ను మూస్తే మా అమ్మ మీద ఒట్టండి.”

పక్కనే నిలబడ్డ స్టెల్లా ఇక ఆగలేకపోయింది. “చూసేరా మేడం? నిన్నటి నుంచీ ఇదే పాట. దొంగ రాలేదు, నిద్ర పోలేదు, గుమ్మం కదల్లేదు. బొగ్గు మాత్రం లేదు!”

స్టెల్లాది అమలాపురం. ముప్ఫై నిండని ఇంజనీరు. మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు, నెత్తి మీద పసుపుపచ్చ టోపీ, ముక్కు మీద కోపం. ఈ ఊరు పెదలంకపాలెం. ఇక్కడ పెద్దిరాజు గారి పెట్రోలు బంకు ఉంది. బంకు కింద భూమిలో పాతిన ట్యాంకు ఎప్పుడు చిల్లుపడిందో ఎవరికీ తెలీదు. తెలిసిందల్లా బావుల్లో నీళ్ళు ఒకదాని తర్వాత ఒకటి కంపు కొట్టడం. ఓ ఇంట్లో కాఫీ తాగిన కొత్త వియ్యంకుడు, “ఏం పొడి వాడతారండీ? గొంతులో ఇంజను స్టార్టయినట్టుంది,” అన్నాడట. చివరికి అధికార్లు వచ్చి చూసి, నేలా నీళ్ళూ శుభ్రం చేయించే బాధ్యత బంకు యజమానిదేనని తేల్చారు. కాకినాడ నుంచి ఒక చిన్న కంపెనీ వచ్చి బంకు వెనక ఈ షెడ్డు వేసింది. ఇన్‌చార్జి స్టెల్లా.

ఆ షెడ్డులోంచి పోయింది వాడేసిన బొగ్గు. ఫిర్యాదు చేయడానికి పోలీసుల దగ్గరికి వెళితే, “వాడేసిన బొగ్గా అమ్మా? రేపు పొయ్యిలో బూడిద పోయిందని కూడా రాయమంటారా?” అన్నారట. స్టెల్లా అక్కణ్ణుంచి నేరుగా మందుల షాపు మేడ ఎక్కింది.

“నాకు ముందు ఈ బొగ్గు సంగతి చెప్పండమ్మా,” అంది గంగాభవాని. “పోయిన వస్తువేంటో తెలీకుండా పట్టుకెళ్ళినవాణ్ణి ఎలా పట్టుకోను?”

స్టెల్లా ఒక మూలనున్న కొత్త సంచి విప్పి, గుప్పెడు నల్లటి పలుకులు తీసి ఆమె అరచేతిలో పోసింది. “ఇది మామూలు బొగ్గు కాదు మేడం. మన కొబ్బరి చిప్పలే. కానీ ఆవిరి పట్టించి ఒక పద్ధతిలో కాలుస్తారు. దీని లోపలంతా కంటికి కనపడని కన్నాలు. ఆ కన్నాల గోడలన్నీ విప్పి పరిస్తే, మీ గుప్పెట్లో ఉన్నది ఐదెకరాల పైమాటే.”

గంగాభవాని అరచేతిని కళ్ళ దగ్గరగా తెచ్చుకుంది. “ఐదెకరాలా! మా మరిది అరెకరం కోసం పదేళ్ళ నుంచి కోర్టు మెట్లు అరగదీస్తున్నాడమ్మా.”

“చెడిపోయిన నీళ్ళని భూమిలోంచి తోడి, ఈ బొగ్గు నింపిన డ్రమ్ముల్లోంచి పంపిస్తాం. పెట్రోలు ఆ గోడలకి అతుక్కుపోతుంది. నీళ్ళు తేటగా బయటికొస్తాయి. అందరూ అక్కడితో అయిపోయిందనుకుంటారు. విషం ఎక్కడికీ పోదు మేడం. నీళ్ళలోంచి బొగ్గులోకి కాపురం మార్చిందంతే. బొగ్గు నిండిపోయాక తీసికెళ్ళి మంచినీళ్ళలో పడేస్తే, పట్టుకున్నదాన్ని మెల్లమెల్లగా వదిలేస్తుంది. పొయ్యిలో వేస్తే ఒక్కసారే వదుల్తుంది.”

“అంటే ఎనిమిది బస్తాల విషం ఊళ్ళో ఎక్కడో తిరుగుతోంది.”

“అదే మేడం నేను నిన్నటి నుంచీ నెత్తీ నోరూ కొట్టుకుంటున్నది! అందుకే వాడేసినదాన్ని తెల్ల గోతాల్లో పోయించి, వాటి మీద ఎర్ర రంగుతో పుర్రె బొమ్మ వేయించేను. దూరంగా పెద్ద కొలిమికి పంపి కాల్పించాలి. బుధవారం లారీ వస్తోంది. ఈలోగానే ఇలా అయింది.”

బయట నేలలో దిగేసిన సన్నటి గొట్టాల్లోంచి బుస్సుబుస్సుమని చప్పుడొస్తోంది. అదేమిటన్నట్టు గంగాభవాని కనుబొమ్మలు ఎగరేసింది.

“మట్టికి గాలి పంపిస్తున్నాం. పెట్రోలుని తినే సూక్ష్మజీవులు మన మట్టిలోనే ఉన్నాయి. గాలి ఆడక నీరసించి పడుంటాయి. గాలీ, కాస్త యూరియా అందిస్తే తినడం మొదలెడతాయి.”

“అదేనండి నా బాధ,” అన్నాడు కుమారస్వామి, అడక్కుండానే. “ఒక్క బస్తా యూరియా కోసం జనం సొసైటీ ముందు చెప్పులు లైన్లో పెట్టి కూచుంటున్నారండి. కంటికి కనపడని పురుగులకి మాత్రం ఇంటికి తెచ్చి పెడుతున్నారు. ఆటికున్న యోగం మనకి లేదండి.”

అప్పుడే స్కూటరు హారను వినపడింది. స్కూటరు మీద రిటైర్డు హెడ్ కానిస్టేబులు సింహాద్రి, ఆయన కాళ్ళ దగ్గర నిలబడి ముందుకి చూస్తున్న కుక్కా లోపలికొచ్చారు. సింహాద్రిది ‘సీక్రెట్ బ్యూరో’. రాజోల్లో గంగాభవాని బోర్డుకి ఎదురుగా, అంతకంటే జానెడు పెద్ద బోర్డు. కుక్క పేరు సీజరు. తండ్రి అల్సేషనని సింహాద్రి చెబుతాడు. తల్లి గురించి ఎప్పుడూ చెప్పడు.

“నమస్కారమండీ భవాని గారూ! తమరి దర్శన భాగ్యం కలిగింది. పెళ్ళి సంబంధాలు తగ్గేయాండీ? బొగ్గుల్లోకి దిగేరు?”

“నమస్కారమండీ హెడ్డు గారూ! తమరి దయవల్ల బాగానే ఉన్నాయి. కిందటివారం తమరు ‘అబ్బాయి బంగారం’ అని చెప్పిన సంబంధంలో అబ్బాయికి ముందే ఒక పెళ్ళయిందటండీ. వాళ్ళు నా దగ్గరికొచ్చేరు.”

సింహాద్రి నవ్వు చెరగలేదు. మీసం మాత్రం ఒక పక్కకి వాలింది. “పెద్దిరాజు గారు ఈ కేసు నాకప్పగించేరండీ. ఆయన అనుమానమేంటంటే, బొగ్గుని కంపెనీవాళ్ళే అమ్మేసుకుని, దొంగతనమంటున్నారని. అది రుజువైతే రేపట్నుంచి ఈ పంపులు ఆగిపోతాయి. ఒక్క రూపాయి ఇవ్వరు ఆయన.”

“నేనా! అమ్ముకున్నానా!” స్టెల్లా టోపీ తీసి నేలకి కొట్టింది. “పంపులు ఆగిపోతే బావులేం కావాలండీ? ఊరంతా ట్యాంకరు కోసం బిందెలు పట్టుకుని నిలబడుతున్నారు! సగం పని అయ్యేక ఆపేస్తే ఉన్న విషం పక్క వీధిలోకి వెళుతుంది!”

“కోప్పడకండమ్మా. మీరు నిర్దోషులైతే మా సీజరే చెబుతుంది. సీజరూ! సెర్చ్!”

సీజరు షెడ్డంతా ఒకసారి చుట్టింది. నేల వాసన చూసింది, గాలి వాసన చూసింది, మూడుసార్లు తుమ్మింది. ఊరి మట్టంతా పెట్రోలు పీల్చుకుని ఉన్నచోట కుక్క ముక్కు మాత్రం ఏం చేయగలదు? కాసేపు తన తోక చుట్టూ తనే తిరిగి, ఒక్కసారిగా ఏదో నిర్ణయానికొచ్చినట్టు బయటికి పరుగెత్తింది. సింహాద్రి వెనకాలే పరుగెత్తాడు. కుక్క నేరుగా పెద్దిరాజు గారి బంకులోకి వెళ్ళి, రెండో నంబరు పంపు ముందు కూర్చుని, దాన్ని చూసి మొరగడం మొదలెట్టింది.

“దీని తెలివిని మెచ్చుకోవాలండీ హెడ్డు గారూ,” అంది గంగాభవాని గుమ్మంలోంచే. “నీళ్ళు పాడుచేసిన అసలు ముద్దాయిని పట్టేసింది. బేడీలు తెచ్చేరా?”

సింహాద్రి కుక్కని పంపు దగ్గర్నుంచి లాక్కొచ్చేలోగా ఆమె షెడ్డు నేల మీద గొంతుక్కూర్చుంది.

సిమెంటు నేల మీద ఒకచోట నల్లటి పొడి పలచగా పరుచుకుని ఉంది. బొగ్గు ఒక గోతంలోంచి ఇంకోదానిలోకి పోసినప్పుడు రాలినట్టుగా. ఆ నలుపు మధ్యలో రెండు పాదాలంత మేర నేల తెల్లగా ఉంది. పక్కపక్కనే, మడమలు కాస్త ఎడంగా. ఎవరో అక్కడ నిలబడి ఉండగా చుట్టూ పొడి రాలిందన్నమాట. బూటు అచ్చు కాదు, ఉత్త కాళ్ళు. వేళ్ళు విడివిడిగా, విసనకర్రలా ఉన్నాయి.

“అమ్మాయి గారూ, షెడ్డులోకి బూట్లు లేకుండా ఎవరైనా వస్తారా?”

“చంపేస్తాను. అందరూ బూట్లు వేసుకోవాల్సిందే. ఒక్క…” స్టెల్లా ఆగింది. ఆమె కళ్ళు కిందికి దిగాయి. గంగాభవాని కళ్ళు అప్పటికే అక్కడున్నాయి. కుమారస్వామి తన పాదాలు రెండూ ఒకదాని వెనక ఒకటి దాచడానికి ప్రయత్నిస్తున్నాడు. రెంటినీ ఒకేసారి దాచడం కుదరక తూలిపోతున్నాడు.

“ఆనెకాయలండి,” అన్నాడు నీరసంగా. “బూటు పట్టదండి.”

గంగాభవాని ఇంకా లేవలేదు. “హెడ్డు గారూ, తమరు పెద్దవారు, చెప్పండి. నిండు గోతం ఎత్తి ఇంకో సంచిలో పోయాలంటే ఎంతమంది కావాలి?”

సింహాద్రి రొప్పుతూ వచ్చాడు. “ఇద్దరండీ. ఒకడు పోయాలి, ఒకడు మూతి పట్టుకోవాలి.”

“ఆయ్. ఇంకో సంగతి. ఈ బొగ్గుని ఉన్న గోతాలతోనే పట్టుకెళ్ళొచ్చు కదా, ఇక్కడే ఎందుకు మార్చేడంటారు?”

“గోతాలు పాతవేమోనండీ. లేకపోతే దొంగ వెర్రివాడై ఉండాలి.”

ఆమె లేచి షెడ్డు వెనక్కి నడిచింది. కొబ్బరి డొక్కల గుట్ట పక్కన గోతిలో తెల్ల గోతాలు కుక్కి ఉన్నాయి. కర్రతో లాగి పరిచింది. మొత్తం ఎనిమిదీ. ఎనిమిది పుర్రెలూ ఎర్రగా పళ్ళికిలించాయి.

“దొంగకి బొగ్గు కావాలి, పుర్రె అక్కర్లేదు,” అంది. “అమ్మాయి గారూ, కొత్త బొగ్గు వచ్చిన సంచులు, కంపెనీ పేరు అచ్చేసినవి, వాడేక ఏం చేస్తారు?”

“మడిచి అటక మీద పెడతాం. తిరిగి పంపాలి.” స్టెల్లా నిచ్చెన తెచ్చి ఎక్కింది. అటకంతా తడిమింది. తర్వాత సన్నగా గొంతు వచ్చింది. “లేవు మేడం. ఒక్కటీ లేదు.”

గంగాభవాని చేతులు దులుపుకుంది. ఆమెకిది కొత్త నేరం కాదు. ఏళ్ళ తరబడి చూస్తున్నదే. “రెండో పెళ్ళివాడికి జుట్టుకి రంగేసి, కొత్త పంచె కట్టి, మొదటి పెళ్ళేనని పీటల మీద కూచోబెట్టడమండీ ఇది. వాడేసిన బొగ్గుని కొత్త సంచిలో పోసి, కొత్తదని ఎవరికో అమ్ముతున్నారు. ఎవరికి? పొయ్యి రాజేసేవాడికి సంచి మీద కంపెనీ అచ్చెందుకు? నీళ్ళు వడగట్టే బొగ్గు ఎవరికి కావాలి?”

స్టెల్లా నిచ్చెన మీదే కూలబడింది. “మినరల్ వాటర్ ప్లాంట్లకి,” అంది. “దేవుడా! తాగే నీళ్ళలోకి!”

గంగాభవాని ఇప్పుడు కుమారస్వామి ఎదురుగా వచ్చి నిలబడింది. గొంతు ఒక్క పిసరు కూడా పెంచలేదు. కువైట్‌లో యజమానురాలి దగ్గర ఆమె నేర్చుకున్న విద్య అదొక్కటే. కేకలేస్తే మనిషి తలుపులు మూసుకుంటాడు.

“కుమారస్వామి గారూ, నాది తప్పండీ. మిమ్మల్ని తప్పు ప్రశ్న అడిగేను. ఇప్పుడు సరైంది అడుగుతాను. సంచి మూతి పట్టుకున్నది మీరే కదా. పోసిందెవరండీ?”

“శివాజీ గారండి,” అన్నాడు కుమారస్వామి వెంటనే. పెద్ద బరువు దించుకున్నవాడిలా ఊపిరి పీల్చుకున్నాడు కూడా.

“మరి దొంగ రాలేదన్నారు!”

“రాలేదండి! శివాజీ గారు దొంగెలా అవుతారండి? పోయినసారి బొగ్గు తీసికెళ్ళింది ఆయనే కదండి. వ్యాను వేసుకుని దర్జాగా వచ్చేరు. మేడంగారు సంచులు మార్చమన్నారని చెప్పేరు. పట్టుకోమంటే పట్టుకున్నానండి. మధ్యాహ్నం మేడంగారు వచ్చి దొంగ దొంగ అని అరిచేసరికి, శివాజీ గారు తీసికెళ్ళినవి కాక ఇంకేవో పోయేయనుకున్నానండి. సాయంత్రానికి నా బుర్రకెక్కిందండి. అప్పటికే ఒట్లన్నీ వేసేసేనండి.” అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “ఉద్యోగం పోతుందని నోరు రాలేదమ్మా.”

స్టెల్లా నేల మీది టోపీ తీసి దులిపి పెట్టుకుంది. తర్వాత గంగాభవానితో చెప్పింది. “మొదటి విడత బొగ్గు సంక్రాంతి ముందు శివాజీ వ్యానులోనే కొలిమికి పంపించేం. ఈసారి మా హెడ్డాఫీసు వేరే లారీ మాట్లాడింది. అంటే, సరుకు ఇస్తానని ఎవరికో ముందే మాటిచ్చేసి ఉంటాడు. చేతికి రాకపోయేసరికి ఎత్తుకుపోయేడు. కానీ మొదటిది కాల్చేసినట్టు ఫోటో పెట్టేడే! ఇదిగో.”

ఫోనులో పెద్ద మంట కనపడుతోంది. గంగాభవాని వేళ్ళతో బొమ్మని పెద్దది చేసింది. మంట పక్కన పట్టు లంగా కట్టుకున్న పిల్ల ఒకత్తి నిలబడి ఉంది. చేతిలో పిడకల దండ.

“ఇది భోగిమంట కదమ్మా!”

స్టెల్లా ఫోను లాక్కుని చూసుకుంది. చెవులదాకా ఎర్రబడింది. “నేను మంటే చూసేను మేడం,” అంది నూతిలోంచి మాట్లాడుతున్నట్టు.

“ఇప్పుడా సరుకు ఎక్కడికి చేరిందో తెలియాలి,” అంటూ సింహాద్రి ముందుకొచ్చాడు. “పోలీసు పద్ధతిలో అడిగితే…”

“తమరు దయచేసి ఒక్క నిమిషం ఆ స్కూటరు మీద కూచుందురూ, పుణ్యముంటుంది. కుమారస్వామి గారూ, సాయం చేసినందుకు శివాజీ గారు మీ చేతిలో ఏం పెట్టేరండీ?”

“చేతిలో పట్టేది కాదండి. మంచినీళ్ళ టిన్నండి. మా నూతిలో నీళ్ళు తాగడానికి పనికిరావు కదండి. పిల్లలకని ఇచ్చేరు.”

టిన్ను అతని గుడిసెలో, చాప మీద, ఎత్తుపీట వేసి కూర్చోబెట్టి ఉంది. మూడొంతులు ఖాళీ. దాని నడుముకి నీలం స్టిక్కరు: ‘బేబి మినరల్ వాటర్, రాజోలు’.

గంగాభవాని ఆటో పిలిచేలోగానే సింహాద్రి స్కూటరు స్టార్టు చేశాడు. ముందు చేరి కేసు తనదనిపించుకోవాలని ఆయన ఆరాటం. కానీ దారిలో రెండుచోట్ల కుక్క దూకేయడంతో ఆగాల్సొచ్చి, ఆటో వెనకాలే చేరాడు.

ప్లాంటు యజమానురాలు బేబి గారు లావుగా, కళగా, చేతినిండా గాజులతో ఉంది. వచ్చినవాళ్ళు ఎవరో, ఎందుకో కూడా అడక్కుండా కుర్చీలు వేయించింది. సంగతి విని నిర్ఘాంతపోయింది.

“పాత బొగ్గా! ఎనిమిది సంచులండి, నిన్న సాయంత్రం దింపించేరు శివాజీ గారు. ఇంకా కుట్టు కూడా విప్పలేదండి. రేపు మార్పిద్దామనుకున్నాం.”

వెనక గదిలో ఎనిమిది సంచులూ బుద్ధిగా నిలబడి ఉన్నాయి. కంపెనీ అచ్చు నిగనిగలాడుతోంది. స్టెల్లా ఒక్కొక్కటీ విప్పి, గుప్పెడు తీసి, నలిపి చూసింది. పెట్రోలు. అన్నీ పెట్రోలే. చివరి సంచి చూశాక అక్కడే నేల మీద కూర్చుని, చేతుల్లో మొహం దాచుకుంది. ఏడుస్తోందనుకుని గంగాభవాని వంగి చూసింది. నవ్వుతోంది.

“ఒక్క రోజు ముందు దొరికింది మేడం. ఒక్క రోజు!”

“ఇది మా సీజరు ప్రతిభేనని రిపోర్టులో రాసుకుంటానండీ,” అన్నాడు సింహాద్రి.

“రాసుకోండి. పంపు ముందు మొరిగింది కూడా రాయండి.”

బేబి గారి మనిషి ట్రేలో గ్లాసులు తెచ్చాడు. ఎండలో పడి వచ్చారేమో, అందరూ గటగటా తాగేశారు. గంగాభవాని ఒక గ్లాసు, స్టెల్లా ఒకటి. సింహాద్రి మూడు తాగి, మీసం తుడుచుకుని, “అమృతమండీ,” అని, మూకుట్లో కాసిని పోయించి కుక్క ముందు పెట్టాడు.

సీజరు మూకుడు దగ్గరికొచ్చింది. ముక్కు పెట్టింది. రెండడుగులు వెనక్కి వేసింది.

“తాగరా! నీళ్ళేగా!”

కుక్క సింహాద్రిని జాలిగా చూసి, స్కూటరు వెనక్కి వెళ్ళి ముడుచుకుంది.

స్టెల్లా నవ్వు ఆగిపోయింది. మెల్లగా లేచింది. “బేబి గారూ, రేపు మార్పిద్దామన్నారు. ఇప్పుడు ట్యాంకులో ఉన్న బొగ్గు ఎక్కడిది?”

“అది కూడా శివాజీ గారిచ్చిందేనండి. సంక్రాంతి వెళ్ళిన వారానికి వేయించేం.”

స్టెల్లా, గంగాభవాని మొహమొహాలు చూసుకున్నారు. భోగిమంటలో కాలాల్సిన మొదటి విడత! “దాని తర్వాత ఆర్వో ఫిల్టరు ఉంటుంది కదా?” అంది స్టెల్లా. “ఆ పొర అన్నిటినీ కాకపోయినా చాలావాటిని ఆపుతుంది.”

“ఉండేదండి. నెల్లాళ్ళ కిందట పొర పాడైపోతే, కొత్తది వచ్చేదాకా పక్కనుంచి పైపు వేయించేం. నీళ్ళు కాస్త వాసనొస్తున్నాయని ఇద్దరు ముగ్గురన్నారండి. కొత్త టిన్నుల వాసనని చెప్పేను.”

“ట్యాంకు మూత విప్పించండి. కాసిని వేణ్ణీళ్ళు కావాలి. గాజు సీసా కావాలి.”

వేణ్ణీళ్ళు వచ్చాయి, ఖాళీ పచ్చడి సీసా వచ్చింది. ట్యాంకులోంచి తీసిన తడి బొగ్గు సీసాలో వేసి, వేణ్ణీళ్ళు పోసి, మూత బిగించి స్టెల్లా బాగా ఊపింది. “వేడికి, పట్టుకున్నది కొంచెం వదులుతుంది. పెట్రోలైతే గుప్పుమంటుంది,” అంది. అందరూ దగ్గరికి జరిగారు. మూత తీసింది.

గుప్పుమంది. స్టెల్లా మొహం తిప్పేసుకుంది. మళ్ళీ సీసా దగ్గరికి తెచ్చుకుని, అర్థం కానట్టు ఇంకోసారి వాసన చూసింది. గంగాభవాని చూసింది. పెదలంకపాలెంలో పొద్దుట్నుంచీ పీల్చిన వాసన కాదది. ఘాటుగా, నాలిక వెనక చేదుగా ఉంది.

సింహాద్రి సీసా అందుకుని దీర్ఘంగా పీల్చాడు. ఆయనకి చించినాడ వైపు మూడెకరాల వరి ఉంది. సీసా దించేసరికి ఆయన మొహంలో మీసం తప్ప నల్లగా ఏమీ మిగల్లేదు.

“ఇది పెట్రోలు కాదండీ,” అన్నాడు చాలా మర్యాదగా. “దోమపోటుకి మా చేలో కొట్టే మందు వాసనండీ.”

గదిలో మోటారు తిరుగుతూనే ఉంది. పైపులోంచి టిన్నుల్లోకి నీళ్ళు తేటగా, మెరుస్తూ పడుతున్నాయి.

“మా బొగ్గు పట్టింది పెట్రోలు,” అంది స్టెల్లా. “ఇది పురుగుమందు పట్టింది. ఈ బొగ్గు మాది కాదు మేడం. ఏ ఫ్యాక్టరీదో, ఎక్కడ వాడేరో, ఎంత పట్టి ఉందో నాకు తెలీదు. పరీక్షకి పంపేదాకా ఎవరికీ తెలీదు.”

“మరి మీ మొదటి విడత?”

“అదెక్కడికి వెళ్ళిందో కూడా తెలీదు.”

గంగాభవాని లేచి, ఎవర్నీ అడక్కుండా గోడకున్న మోటారు స్విచ్చి ఆపేసింది. “బేబి గారూ, ఇప్పటిదాకా వెళ్ళిన టిన్నులన్నీ వెనక్కి తెప్పించండి. ఇంటింటికీ ఫోన్లు చేయించండి. శివాజీ ఇంకెవరికి బొగ్గు ఇస్తాడో చెప్పండి.”

“ఎవరికని చెప్పనండి?” బేబి గారు ఫోనులో శివాజీ నంబరు వెతుకుతోంది. “ఈ చుట్టుపక్కల ప్లాంట్లన్నిటికీ ఆయనేనండి.”

ఆమె ఇచ్చిన నంబరుకి గంగాభవాని ఫోను చేసింది. రెండుసార్లు మోగి, కట్టయింది. మళ్ళీ చేసేసరికి స్విచ్చాఫ్.

సింహాద్రి కుర్చీలో కూర్చుని ఖాళీ గ్లాసులోకి చూస్తున్నాడు. రెండు నెలలుగా ఆయన ఇంటికీ ఇవే టిన్నులు వెళుతున్నాయన్న సంగతి ఆయనకిప్పుడే గుర్తొచ్చినట్టుంది. తలెత్తాడు.

“అమ్మా స్టెల్లా గారూ, నాకేమైనా అవుతుందాండీ?”

“మూడు గ్లాసులకి వెంటనే ఏమీ అవదనే అనుకుంటున్నానండీ. ముందు ఆస్పత్రికి పదండి. అందరం పదండి, కుమారస్వామి పిల్లల్ని కూడా తీసికెళదాం. సీసా కూడా పట్టుకెళదాం.”

ఆయన లేచి, చొక్కా సర్దుకుని, గంగాభవాని ముందుకొచ్చి నిలబడ్డాడు. ఇన్నేళ్ళలో ఆమె ఎదుట చేతులు కట్టుకోవడం అదే మొదటిసారి.

“భవాని గారండీ…”

“ఆయ్, చెప్పండి హెడ్డు గారూ.”

“పెద్దిరాజు గారి కేసు నేను వదిలేస్తున్నానండీ. తమరు నా కేసు తీసుకుంటారాండీ?”